ఏడో వరస కడియాలు

సోమవారం

ఎండలు ముదిరాయి. ఊరంతా నేల కింద తొలిచిన దిగువ పట్నంలోకి దిగింది. నేనూ దిగాను, మోకాళ్ళను తిట్టుకుంటూ. లిఫ్టు ఉంది కానీ అది ముసలివాళ్ళకూ మేకలకూ. ఆ రెండు జాతుల్లోనూ నేను చేరనని లిఫ్టు దగ్గర కూర్చునే మనిషి ఏటా తీర్పు చెబుతాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక మెట్లు దిగుతాను.

ఈ చిట్టా డాక్టర్ నసీమా గారి కోసం. కడియాలు అంకెలు మాత్రమే చెబుతాయి, మిగతాది ఇళ్ళకు తిరిగి చూసే నాలాంటి చూపరులు రాయాలని ఆవిడ పట్టు. "ఏం తిన్నావో కూడా రాయి కొండమ్మా" అని ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆ మాటను నేను ఆజ్ఞగా తీసుకున్నాను. ఇవాళ ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. బజ్జీలు కొంచెం మాడాయి. అయినా తిన్నాను.

పొద్దుటంతా కడియాలు తుడిచి, ఒక్కొక్కటీ నా చేతికే తొడుక్కుని పనిచేస్తున్నాయో లేదో చూశాను. ప్రతి కడియమూ నాకు నడక చాలదని చెప్పింది. మెట్ల సంగతి వాటికి ఇంకా తెలిసినట్టు లేదు.

రేపటి నుంచి ఇళ్ళకు తిరగాలి. దిగువ పట్నంలో మనసుకు జబ్బు చేసినవాళ్ళు ఎవరున్నా, దిగిన మొదటి వారాల్లో నేను వెళ్ళి చేతికి కడియం తొడుగుతాను. వాళ్ళింట్లో ఒక పూట భోంచేస్తాను. వారం అయ్యాక కడియం విప్పుతాను. నిద్ర, నడక, తిండి, మాట, అన్నీ కలిపి అది ఒక అంకె చెబుతుంది, జబ్బు ఎంత ముదిరితే అంకె అంత పెద్దది. అరవై దాటినవాళ్ళకు దగ్గరి తోడు. అంటే ఇద్దరు మనుషులు రోజూ ఇంటికొస్తారు, మందు మింగించడం దగ్గర్నుంచి సంతకు తీసుకెళ్ళడం దాకా అన్నీ చూస్తారు, పిలిస్తే ఏ వేళకైనా పలుకుతారు. దాటనివాళ్ళకు దూరపు తోడు. నెలకోసారి ఎవరో వచ్చి "ఎట్లున్నారు?" అని అడిగి పోతారు. దగ్గరి తోడుకు ఈ ఏడు పన్నెండు చోట్లే ఇచ్చారు. అడిగేవాళ్ళు అంతకు రెండింతలు ఉంటారు.

గురువారం

ఏడో వరసకు వెళ్ళాను. వరస అంటే ఒకే సొరంగంలో అటూ ఇటూ ఉండే ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే పొయ్యి. ఆ పొయ్యి దగ్గర వాసన చూసే నేను ఇవాళ్టి రోజు బాగుంటుందని తేల్చుకున్నాను.

అక్కడ నేను చూడాల్సింది మద్దిలేటిని. నలభై దాటినవాడు, ఒంటరివాడు. గాలిబావి దగ్గర పెద్ద ఫ్యాను రెక్కలు శుభ్రం చేయడం అతని పని. ఆ ఫ్యాను పైనుంచి గాలిని లాగకపోతే కింద మనమెవరమూ ఉండం. కుర్రతనం నుంచీ అతని చెవుల్లో మనుషులు లేకుండానే మాటలు వినపడతాయి. రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి.

ఇల్లు చూసి నాకు ముచ్చటేసింది. నేల అద్దంలా ఉంది. తలకు నూనె రాసి పాపిడి తీసి ఉంది. చొక్కా మడతలు ఇంకా విడలేదు. వరస వరసంతా గడప దగ్గరే నిలబడింది, పెళ్ళిచూపులకు వచ్చినట్టు. అందరికంటే ముందు సుంకులమ్మ, పక్కింటావిడ. భర్త పోయి చాలా ఏళ్ళయింది. గొంతు మాత్రం గాలిబావికి అటు చివరి దాకా వినపడుతుంది.

"రా మా, చూపరమ్మా. కాళ్ళు కడుక్కో. మావోడు ఈ ఏడు శానా బాగుండాడు. సంగటి కూడా వాడే కెలికినాడు."

"మాత్రలు వేసుకుంటున్నావా?" అని మద్దిలేటిని అడగబోయాను. నోరు తెరిచేలోపే అతను "వేసుకుంటాండా, రెండు పూట్లా" అన్నాడు. నిద్ర గురించి ఇంకా అడగలేదు, "ఎనిమిది గంటలు" అన్నాడు. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లవాడి ముఖం పెట్టుకుని చెప్పాడు పాపం.

రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ, పుల్లకూర పప్పు. డాక్టరమ్మా, ఆ చట్నీ గురించి ఒక పేజీ రాయగలను, మీ మొహం చూసి ఆగుతున్నాను. మారు వడ్డించడానికి మద్దిలేటి గరిటె కోసం వెతికాడు. గూట్లో చూశాడు, పొయ్యి పక్కన చూశాడు, మంచం కింద కూడా చూశాడు. తన ఇంట్లో తన గరిటె ఎక్కడుందో తెలియలేదు. ఖాసీం అనే ఇటు పక్కింటి పెద్దాయన గడప దగ్గర్నుంచి కళ్ళతో ఉట్టి వైపు చూపించాడు. నేను గమనించాను కానీ నోట్లో సంగటి ఉంది, పట్టించుకోలేదు.

కడియం తొడిగి వచ్చాను. మంచి భోజనం, మంచి మనుషులు.

తర్వాతి గురువారం

మూడో వరసలో ఒకావిడ కడియం విప్పాను. వారమంతా ఆవిడ నిలబడే నిద్రపోయిందనీ, పగలంతా నములుతూనే ఉందనీ అది చెప్పింది. కడియాన్ని మేకకు తొడిగిందట. "నా నిద్ర గురించి మీకెందుకు?" అని నన్నే దబాయించింది. మేక మాత్రం ఆరోగ్యంగా ఉంది. ఆవిడకు మళ్ళీ మొదటి నుంచి.

మద్దిలేటి కడియం కూడా విప్పాను. ఇరవై రెండు. నా పదిహేనేళ్ళ పనిలో ఇంత చిన్న అంకె అతని జబ్బున్న మనిషికి చూడలేదు. ఎంత సంతోషమో! మనిషి బాగుపడ్డాడు. దూరపు తోడు చాలని రాసి మీ గదికి పంపేశాను. మీరు కూడా చూసి ఒక నవ్వు బొమ్మ గీసి పంపారు.

శనివారం

ఇంజినీర్లు ఏడో వరసను మూసేస్తారట. పైకప్పు రాతిలోంచి నీరు కారుతోంది, పగుళ్ళు పెరుగుతున్నాయి. పై ఆదివారానికల్లా ఖాళీ చేయాలి. అంతమందికి ఒకేచోట గదుల్లేవు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి, ఒకరు రెండో వరసకు, ఒకరు పదకొండుకు, ఇంకొకరు అవతలి సొరంగానికి.

మద్దిలేటికి అంకె చెప్పి, శుభం పలికి, వీలైతే ఆ చట్నీ ఇంకోసారి తిందామని వెళ్ళాను. వస్తున్నానని చెప్పలేదు.

గడప దాకా పోయి ఆగిపోయాను. మద్దిలేటి మంచం మీద కూర్చుని ఉన్నాడు, కళ్ళు నేల మీద. సుంకులమ్మ అతని తల దువ్వుతోంది. ఎదురుగా స్టూలు మీద ఖాసీం. ఆయన చేతిలో ఒక మాత్ర, మద్దిలేటి చేతిలో ఒకటి.

"నాది బీపీది, నీది నీది. ఇద్దరం ఒగేసారి మింగుదాం. ఊఁ, ఒగటి, రెండు..."

ఇద్దరూ మింగారు. ఖాసీం నోరు తెరిచి చూపించాడు, మద్దిలేటి కూడా తెరిచి చూపించాడు. గోడవారన వరసలోని ఇంకో ఇల్లాలు అతని చొక్కా ఉతికి ఆరేస్తోంది. మరొకాయన చెప్పులు పట్టుకుని బయట నిలబడ్డాడు, ఫ్యాను దాకా నడిపించి రావడానికి.

నన్ను చూసి సుంకులమ్మ దువ్వెన కొంగులో దాచేసింది. దువ్వెన ఏమన్నా దొంగ సొత్తా?

"ఇది రోజూనా?" అని అడిగాను.

ఖాసీం అన్నాడు. "రోజూనే మా. తెల్లారితే నేను గోడ కొడతా, లేస్తాడు. కొట్టకుంటే లెయ్యడు."

"నేను వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

సుంకులమ్మకు కోపమొచ్చింది. "ఇంటికి మనిషొస్తాదంటే ఇల్లు ఊడ్చకుండా పెడ్తామా? బిడ్డను తల దువ్వకుండా కూచోబెడ్తామా? నువ్వేమన్నా పరాయిదానివా, ఏమన్నా మర్యాద తెలీనోళ్ళమా మేము?"

"మర్యాదేమో గానీ, ఆ ఇరవై రెండు మీ అందరిదీనమ్మా. అతనిది కాదు."

అప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. నేను ఆ గొంతును తగ్గగా ఇంతకుముందు వినలేదు. "బాగలేదని చెప్తే పైన పెద్దాసుపత్రిలో ఏస్తారని భయం మా. మా అన్నను అట్లనే ఏసినారు ఎప్పుడో. తలుపుకు బయటి నుంచి గడియ. ఆడనే పోయినాడు."

ఆ పెద్దాసుపత్రి మూసేసి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు అలాంటివి లేవని చెప్పాను. ఆవిడ తలూపింది కానీ నమ్మినట్టు నాకు అనిపించలేదు.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. రెండేళ్ళ కింద మద్దిలేటికి ఎండదెబ్బ తగిలింది. ఫ్యాను పని మీద పైకెళ్ళాడని మాకు చెప్పారు. పని లేదు, పాడూ లేదు. అప్పుడు ఖాసీం కూతురి కాన్పుకు వేరే పట్నం వెళ్ళాడు. గోడ కొట్టేవాడు లేక మాత్రలు ఆగిపోయాయి. కింది నీళ్ళలో విషం కలిసిందని మద్దిలేటికి చెవుల్లో ఎవరో చెప్పారు. మిట్టమధ్యాహ్నం మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. సుంకులమ్మా ఇంకో ఇద్దరూ తడి దుప్పట్లు కప్పుకుని వెళ్ళి మోసుకొచ్చారు. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు.

పై ఆదివారం తర్వాత గోడ కొట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. దూరపు తోడు నెలకోసారి వస్తుంది. ఎండలు తగ్గడానికి ఇంకా చాలా కాలం ఉంది.

చట్నీ పెట్టారు. తినలేకపోయాను. డాక్టరమ్మా, ఇది రాసిపెట్టుకోండి, నేను వద్దన్న పూట ఇది.

ఆదివారం

పొద్దున్నే మీ గదికి వచ్చాను. మీరు అన్నది అన్నట్టు ఇక్కడ పెడుతున్నాను, తర్వాత మీరు కాదనకుండా.

"కొండమ్మా, నువ్వు చెప్పేది నిజమని నాకు తెలుసు. కానీ పన్నెండో చోటు కోసం యాభై తొమ్మిది అంకె ఉన్నవాళ్ళు కూడా కాచుకుని ఉన్నారు. ఇరవై రెండుతో ఇస్తే రేపు పంచాయితీలో ఏం చెప్పమంటావు? మళ్ళీ కొలువు. వరస వాళ్ళను తప్పుకోమను. అప్పుడు అంకె అదే పెరుగుతుంది."

"పెరుగుతుంది. మనిషి మెట్లెక్కితే ఇంకా పెరుగుతుంది."

మీరు కిటికీ లేని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. "నువ్వు పక్కనే ఉండు. కొంచెం జారగానే ఆపేద్దాం" అన్నారు. మీకూ నచ్చలేదని నాకు తెలుసు. మనిషిని చెయ్యొదిలి, పడతాడా లేదా అని చూసే పని నాకు అసలు నచ్చలేదు. వేరే దారి తోచలేదు, అంతే. సరేనని వచ్చాను.

సోమవారం

ఏడో వరసకు చెప్పాను. మద్దిలేటి ఎదుటే చెప్పాను, అతని వెనక మాట్లాడటం నాకిష్టం లేదు. అతను విని "సరే" అన్నాడు. కడియం తొడిగాను. అందరూ ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళి తలుపులేసుకున్నారు. నేను పక్క గదిలో కూర్చున్నాను.

ఎవరి పని వాళ్ళు చూసుకోవడమంత కష్టమైన పని ఈ వరసలో ఇంకొకటి లేదని ఇవాళ తెలిసింది.

మొదట ఖాసీం. గోడ కొట్టనన్నాడు, కొట్టలేదు. గోడకు ఆనించి మేకు దిగ్గొట్టడం మొదలుపెట్టాడు. "క్యాలెండరు తగిలించుకుంటాండా" అన్నాడు. వారంలో ఇల్లు ఖాళీ చేసేవాడికి క్యాలెండరెందుకు?

తర్వాత సంగటి గిన్నె ఒకటి గడప మీద కనపడింది. ఎవరూ పెట్టలేదట. ఇంకో గంటకు ఇంకొకటి, దాని మీద మూతగా పళ్ళెం, పళ్ళెంలో ఉల్లిపాయ ముక్క. చొక్కా ఎవరో ఎత్తుకుపోయి ఉతికారు. చెప్పులాయన సొరంగంలో పచార్లు చేస్తూ, మద్దిలేటి గడప దగ్గరికి రాగానే గట్టిగా దగ్గాడు. సుంకులమ్మను పట్టుకున్నాను. నన్ను చూసి "నేను ముగ్గు పెట్టనొచ్చినా" అంది. రాతి నేల మీద, ముగ్గుపిండి లేకుండా.

"అమ్మా, మీరు తప్పుకోకపోతే అతనికి చోటు రాదు" అని అరిచాను. అవును, అరిచాను. ముసలావిడ మీద.

"తెలుసు మా" అని ఏడ్చింది. "కాళ్ళు ఆగల్ల కదా. ఇంట్లో కూచుంటే, వాడు తిన్నాడో లేదోనని పానం కొట్టుకుంటాది."

సాయంత్రం కడియం చూస్తే ఇరవై ఒకటి. తగ్గింది.

మంగళవారం

ఇవాళ జరిగింది మెల్లగా రాస్తాను.

పొద్దున గాలిబావి దగ్గరికి మద్దిలేటితో నేనే వెళ్ళాను. రెక్కలు తుడుస్తున్నాడు. అంత పెద్ద ఫ్యాను పక్కన అతని ముఖం ప్రశాంతంగా ఉంటుంది. అలసిపోయి మెట్టు మీద కూర్చున్నాక, నేనడగకుండానే మాట్లాడాడు. అప్పజెప్పినట్టు కాదు ఈసారి.

"ఈడ ఉన్నంతసేపు బాగుంటాది చూపరమ్మా. రెక్కల సద్దుకు ఆ మాటలు వినపడవు. ఇంటికి పోతే వస్తాయి. ఖాసీం మామ గోడ కొడితే, ఓహో, ఇది నిజం సద్దు అని తెలుస్తాది. దాన్ని పట్టుకొని లేస్తా."

"కొట్టకపోతే?"

"ఏది నిజమో తెలీదు." చేతిలోని గుడ్డ మడిచాడు. "పైకి పోయిన దినం నాకు భయం లేదు. అదే భయం."

పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, వందల భోజనాలు తిన్నాను. ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. నేను అడిగిన విధం అలా ఉందేమో.

"ఇదంతా మొన్న ఎందుకు చెప్పలేదు నాయనా?"

"సుంకులమ్మ పెద్దమ్మ చెప్పద్దన్నది. నీళ్ళు కాంచి, చొక్కా తెచ్చి, అంత కష్టపడిరి. వాళ్ళ పరువు ఎట్ల తీస్తా?"

తర్వాత చెయ్యి చాపి కడియం చూపించాడు. "ఇది నాకు ఏంటికి మా? దీనికి నేను నడిచింది తెలుస్తాది గానీ నడిపించినోళ్ళు తెలీరు. నన్ను పడేసి చూస్తే ఏమొస్తాది? పట్టుకున్నోళ్ళ చేతులు చూడు. వాళ్ళకు తొడుగు."

నేను అక్కడే లేచి నిలబడ్డాను. మోకాళ్ళు నొప్పి పుట్టినట్టు కూడా గుర్తులేదు.

కొలత అయిపోయినవాళ్ళ కడియాలు నా సంచీలోనే ఉన్నాయి. పరుగున ఏడో వరసకు వచ్చి, పొయ్యి దగ్గర అందరినీ పిలిచి సంగతి చెప్పాను. తప్పుకోవద్దు. రోజూ చేసేది చేయండి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. కానీ చేతికి ఇది ఉండాలి.

ఖాసీం కడియాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది తొడుక్కుంటే నన్ను గూడ పిచ్చోడనుకుంటారేమో మా."

"అనుకోకుండా ఎవరుండారు?" అంది సుంకులమ్మ. "క్యాలెండరు తగిలించుకునే మొగం చూడు."

వరసంతా నవ్వింది. మద్దిలేటి కూడా నవ్వాడు. అతని నవ్వు నేను ఇదే మొదటిసారి వినడం. చిన్నగా, ఆశ్చర్యపోయినట్టు ఉంటుంది. అందరికీ తొడిగాను. సుంకులమ్మ చెయ్యి ఎంత సన్నగా ఉందంటే, కడియం చివరి మెలిక దాకా బిగించాల్సి వచ్చింది.

పుల్లకూర పప్పు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

శుక్రవారం

డాక్టరమ్మా, ఇది మీ గదిలోనే జరిగింది, అయినా నా సంతోషం కోసం రాసుకుంటున్నాను.

కడియాలన్నీ మీ బల్ల మీద పోశాను. మీరు యంత్రానికి అందించారు. ఆ మనుషులంతా ఎవరి గడప వైపు ఎన్నిసార్లు నడిచారో, ఎవరితో ఎంతసేపు మాట్లాడారో అది లెక్క తేల్చింది. ఏడో వరస నడకలో దగ్గర దగ్గర మూడో వంతు ఒక్క మద్దిలేటి గడపకే పోయింది. మాటల్లో సగం అతనితోనే. ఇద్దరు తోడుమనుషులు రోజంతా చేసే పనికంటే ఎక్కువ.

మీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. "కొండమ్మా, వీళ్ళు జీతం లేకుండా దగ్గరి తోడు నడుపుతున్నారే! మనం నేర్పే పద్ధతంతా ఇదే కదా. ఒకేసారి మాత్ర మింగడం మన పుస్తకంలో కూడా లేదు."

"పంచాయితీకి ఏం చెబుతారు?"

"వీళ్ళను తీసేస్తే ఎంత పోతుందో అంత అతని అంకె అని చెబుతాను. కాదనమను చూద్దాం."

పన్నెండో చోటు మద్దిలేటికి. ఆదివారం నుంచే, కొత్త గదిలో అడుగుపెట్టిన పొద్దు నుంచే ఇద్దరు వస్తారు. మొదటి రోజు ఖాసీం వాళ్ళతో వెళ్ళి గోడ ఎలా కొట్టాలో నేర్పుతాడట. గోడ కొట్టడం నేర్పడానికి ఆయన ఇప్పటి నుంచే గొంతు సవరించుకుంటున్నాడు.

నేను లేచి వచ్చేస్తుంటే మీరు ఆపారు. బల్ల మీద కడియాల్లో ఒకటి మాత్రం ఎర్రగా వెలుగుతోంది. యంత్రం దాని పక్కన అరవై మూడు అని చూపిస్తోంది. మేకదేమో అని నవ్వబోయాను. కాదు. చివరి మెలిక దాకా బిగించిన కడియం అది.

ఆదివారం

ఏడో వరస ఖాళీ అయింది. పొయ్యి ఆర్పేశారు. పైకప్పు కింద పెట్టిన బిందెలో నీటి చుక్క పడుతున్న చప్పుడు వినపడుతోంది. ఇన్నాళ్ళూ ఈ మనుషుల గోలలో అది వినపడనే లేదు.

పొద్దున మద్దిలేటి కొత్త గదికి తోడుమనుషులు ఇద్దరూ వచ్చారు. ఒకామె నర్సు, ఇంకొకాయన అంతకుముందు తనే దగ్గరి తోడు తీసుకున్నవాడు. ఖాసీం గోడ కొట్టాడు, మద్దిలేటి లేచాడు, ముగ్గురూ మాత్రలు మింగారు. మూడో మాత్ర తోడుమనిషిది. అది కూడా మద్దిలేటి వేసుకునే మాత్రే. అది చూసి మద్దిలేటి ఆయన వంక చాలాసేపు చూశాడు. తర్వాత "ఫ్యాను చూస్తావా అన్నా?" అని అడిగాడు. నేను బయటికొచ్చి కొంగుతో ముఖం తుడుచుకున్నాను. చెమటని చెప్పాను.

అక్కడ్నుంచి సుంకులమ్మ కొత్త గదికి వెళ్ళాను. అవతలి సొరంగం మొదట్లో, ఒంటి గది. నా పని మీద వస్తున్నానని ముందే కబురు చేశాను. అది నా తెలివితక్కువ. వెళ్ళేసరికి నేల అద్దంలా ఉంది. గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, నవ్వుతూ కూర్చుంది.

"నాకేం మా, రాయిలాగుండా. నిద్రా? పండుకుంటే తెల్లారాల్సిందే. ఆ కడియానికేమో రోగమొచ్చిండాది. కూచో, సంగటి పెడ్తా."

పెట్టింది. చట్నీ కూడా పెట్టింది. నేను ముద్ద కలుపుతూ, "నువ్వు తిన్నావా?" అని అడిగాను.

"ఎప్పుడో తిన్యా. కడుపు నిండుగుండాది."

గడప దగ్గర నీడ పడింది. మద్దిలేటి, నెత్తి మీద సుంకులమ్మ పరుపు చుట్ట. వెనక కొంచెం దూరంలో తోడుమనిషి నిలబడి ఉన్నాడు, లోపలికి రాకుండా. మద్దిలేటి చుట్ట కిందికి దించాడు.

"తినలేదు చూపరమ్మా" అన్నాడు. "నిన్న సందకాడ గూడ తినలేదు. నాకు పెట్టి, తన గిన్నె ఉత్తదే కడిగి బోర్లించింది. నిద్ర గూడ పోదు. గోడవతల లేచి తిరుగుతాంటాది, నాకు వినపడ్తాది. అది నిజం సద్దే. ఆసుపత్రిలో పోయిన వాళ్ళన్నను పిల్చుకుంటా ఏడుస్తాంటాది. రాసుకో."

సుంకులమ్మ ముఖం ఎర్రబడింది. "ఒరే! ఇంటికొచ్చిన మనిషి ముందర నా పరువు తీస్తావురా? నిన్ను సాకినందుకా?"

"ముందరనే చెప్పల్ల" అన్నాడు మద్దిలేటి. "మీరు నా గురించి చెప్పకపోతిరి పెద్దమ్మా. నేను నీ గురించి చెప్తా."

నేను నా పళ్ళెం ఆవిడ ముందుకు జరిపాను. మద్దిలేటి గది అంతా వెతికి చెంబు కనుక్కుని, నీళ్ళు ముంచి ఆవిడ పక్కన పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

సుంకులమ్మ మాకు వీపు చేసి, గోడ వైపు తిరిగి, ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకొకటి.

దగ్గరి తోడా దూరపు తోడా, చోట్లు ఉన్నాయా లేవా, అవన్నీ రేపు మీ గదిలో కూర్చుని పోట్లాడుకుందాం డాక్టరమ్మా. ఇప్పుడైతే ఆవిడ తింటోంది.